అచ్చుల్లేని మాటలు

చేపల దింపుడు ఆఫీసులో ఆ యంత్రం
ఇప్పటికీ నల్లతెరతోనే బతుకుతోంది.
బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు.
ఎడమ మూల చిన్న గీత ఒకటి
మినుకు మినుకుమంటూ
'ఊఁ, చెప్పు' అన్నట్టు చూస్తుంది.

వార్డోలో నవంబరు చివర మునిగిన సూర్యుడు
జనవరి మూడోవారం దాకా ముఖం చూపించడు.
ఆ చీకట్లో తూర్డిస్‌కి కొత్త ఉద్యోగం.
ముప్పయ్యొక్కేళ్ళు కాడ్ చేపల వెన్ను తీసి తీసి
మణికట్టు మొరాయిస్తే
కత్తిబల్ల దగ్గర్నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు.

మంగళవారాలు ఐలర్ట్ వస్తాడు,
రేవు రాడార్లు బాగుచేసే కుర్రాడు,
మాటకి పన్ను కట్టాలేమో అన్నంత పొదుపరి.
"ముందు ఎక్కడున్నావో అడుగు" అన్నాడు.
పీడబ్ల్యూడీ.
మన రోడ్లేసే శాఖ కాదు లెండి.
పొగమంచులో పడవ మొదట అడిగేదీ అదేగా, అనుకుంది.
చుట్టూ ఏముందో చూడ్డానికి ఎల్‌ఎస్.
పక్క గదిలోకి సీడీ, రెండు చుక్కలు పెడితే వెనక్కి.
నకలుకి సీపీ. చోటు మార్చడానికి ఎంవీ.
"ఇంత కురచగా ఎందుకు?"
"గాలిలో అరిచినట్టు."
డెక్కు మీద పొడుగు మాట సగం సముద్రం పాలు,
అది ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

చివర అచ్చు తగలనిదే మాట నడవని భాషలో
నేనిది రాస్తున్నాను.
పలికేటప్పుడు నా నోరే వాటికి దీర్ఘాలు అతికిస్తోంది,
తెర మీద మాత్రం
అచ్చులు ఒలిచేసిన హల్లులు,
ముల్లు మిగిలిన చేపలు.

వీఐ మాత్రం ఏడిపించింది.
టైప్ చేస్తే అక్షరం పడదు,
పడకపోగా ఉన్న వరస మాయం.
బయటికి దారి తెలీక ఒక సాయంత్రమంతా
లోపలే ఉండిపోయి, చివరికి ప్లగ్ పీకేసింది.
ఐలర్ట్ నవ్వలేదు.
"దానికి రెండు చేతులు.
ఐ నొక్కితే రాసే చెయ్యి,
ఎస్కేప్ నొక్కితే ఆజ్ఞలిచ్చే చెయ్యి."
ఆమె కాసేపు ఆగి
"కత్తి కింద పెట్టి మాట్లాడమంటావు" అంది.
ఫ్యాక్టరీ గోడ మీద ముప్పయ్యేళ్ళు చదివిన నియమం.
ఆ తర్వాత తడబడలేదు.
డీడీ అంటే వరస కోత, యూ అంటే కోత వెనక్కి.
చేపకి యూ ఉండదు, అని ఒక్కతే నవ్వుకుంది.

జనవరి తొమ్మిది, రాత్రి పదకొండు.
పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు తుడవబోయింది.
ఆర్‌ఎమ్, ఖాళీ, నక్షత్రం, చుక్క, టీఎంపీ.
నక్షత్రానికీ చుక్కకీ మధ్య
బొటనవేలు ఊరికే తగిలి ఇంకో ఖాళీ.
అంతే.
'నిజంగానా?' అని అడగలేదు.
ఉన్నవన్నీ మింగేసి,
చుక్క టీఎంపీ అనేది దొరకలేదని మాత్రం గొణిగింది.
చెత్తబుట్ట లేదు, యూ లేదు.
ఎల్‌ఎస్ కొట్టింది. ఏమీ రాలేదు.
మళ్ళీ కొట్టింది,
ఖాళీ జేబులో రెండోసారి చెయ్యి పెట్టినట్టు.

ఏడవలేదు. ఏడిస్తే పడవలవాళ్ళకి డబ్బు పడదు.
బిస్కెట్ డబ్బాలోంచి తూకం చీటీలు దించింది,
మూడు వారాలవి, పొలుసు అంటినవి,
పెన్సిల్ సగం చెరిగినవి.
స్కార్వెన్ పడవ, నాలుగు వందల పన్నెండు కిలోలు.
ఐ. రాయి. ఎస్కేప్. ఐ. రాయి.
కాఫీ చల్లారి, మళ్ళీ కాగి, మళ్ళీ చల్లారింది.
ఒకటో ఏడో తేలని అంకె కోసం
ఒంటిగంటకి పడవ యజమానిని లేపి
తిట్లు తిని, ఏడు అని రాసుకుంది.
ఐదూ నలభైకి కోలన్, డబ్ల్యూ, క్యూ.
రాత్రంతటికీ యంత్రం ఆమెకి అనుకూలంగా ఒక్క ముక్క అంది:
రెండు వందల పన్నెండు వరసలు, రాశాను.

మంగళవారం ఐలర్ట్ వచ్చాడు.
ఆమె ఏమీ చెప్పలేదు.
ఎల్‌ఎస్ పక్కన చిన్న ఎల్ పెట్టి కొట్టాడు.
డిసెంబరు లెక్కకి
జనవరి పదో తేదీ, ఐదూ నలభై.
చూశాడు. తల గోక్కున్నాడు. కాఫీ తాగాడు.
ఏదో టైప్ చేసి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

గురువారం ఒక మెట్టు పైకెక్కి ఎల్‌ఎస్ కొడితే
తాను కట్టని గది కనపడింది,
పేరు 'రెండోది'.
లోపలికి వెళ్ళింది.
రాత్రి రెండు గంటలకి, ఎవరూ లేని ఆఫీసులో
తన వరసలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి
అక్కడ పడుకున్నాయి.

తూర్డిస్ ఫోను తీసింది. పెట్టేసింది.
వచ్చే మంగళవారానికని
రెండు పెద్ద పీతకాళ్ళు సంచిలో కట్టి
మంచులో పెట్టింది.